గుండాట పాకలో మా తాతయ్య

నా చిన్నప్పుడు మా పల్లెలో తలుపులకి తాళాలు ఉండేవి కావు. కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎడంగా ఉన్న చిన్న పల్లె మాది. ఆడవాళ్ళు ఎండుచేపలు ఇసుకలో పరిచి, తలుపు దగ్గరగా వేసి, ఊరు దాటి పనులకి వెళ్ళొచ్చేవారు. కాకుల కోసం పిల్లల్ని కాపలా పెట్టేవారు గాని, మనుషుల కోసం ఎవరినీ పెట్టేవారు కాదు. ఇదేమీ తాతలనాటి సంగతి కాదు. అప్పటికే ఇంటికో సెల్‌ఫోను వచ్చింది, తెప్పలకి ఇంజన్లు వచ్చాయి, సగం ఇళ్ళకి స్లాబులు కూడా పడ్డాయి. నాకు పదేళ్ళు. ఇప్పుడు నేను హైస్కూల్లో పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఆ పిల్లలకి చెప్పిన ఒక పాఠం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అది ఆ ఏడు వేసవిలో మా తాతయ్య దగ్గర నేర్చుకున్నది.

మా తాతయ్య ఊరి పెద్ద. ఎవరో ఎన్నుకున్న పెద్ద కాదు. ముప్పై ఏళ్ళు తెప్ప నడిపి, తనతో వచ్చినవాళ్ళలో ఒక్కరినీ సముద్రానికి వదిలి రాని మనిషి కాబట్టి అందరూ అలా అనుకున్నారు. అన్నదమ్ముల మధ్య తగువు వచ్చినా, వల ఎవరిదన్న గొడవ వచ్చినా మా అరుగు దగ్గరికే వచ్చేవారు. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఇద్దరూ చెప్పింది విని, సన్నటి గొంతుతో రెండు ముక్కలు చెప్పేవాడు. అంతే, వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు కదా, ఆ రోజులు అయిపోయి మొదటి తెప్ప నీళ్ళలోకి దిగే పొద్దున గంగమ్మకి కొబ్బరికాయ కొట్టేది మా తాతయ్యే. కాయ పళ్ళెంలో పెట్టుకుని ఆయన పక్కన నడిచేది నేను. ఊరంతా మా వెనక నడిచేది. రాణిగారికి కూడా అంత గర్వం ఉండదనుకునేదాన్ని.

ఆ ఏడు వేట ఆపేసిన వారానికే మా గ్రామదేవత సంబరం జరిగింది. సంబరానికి రంగులరాట్నం వచ్చింది, గాజులవాళ్ళు వచ్చారు, గుండాట మనిషి వచ్చాడు. గుండాట అంటే ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. నేల మీద ఒక పట్టా పరుస్తారు. దాని మీద ఆరు గడులుంటాయి, ఒంటిచుక్క నుంచి ఆరు చుక్కల దాకా. ఆడేవాళ్ళు తమకి నచ్చిన గడిలో డబ్బు పెడతారు. ఆడించేవాడు నిమ్మకాయంత కొయ్య పాచికని రేకు డబ్బాలో వేసి గిలకరించి బోర్లిస్తాడు. పాచిక పైమొహాన ఎన్ని చుక్కలుంటే ఆ గడివాడు గెలిచినట్టు. మిగతా గడుల్లో డబ్బంతా ఆడించేవాడిది.

సంబరం మూడో రోజుకి రంగులరాట్నం విప్పేశారు. గాజులవాళ్ళు వెళ్ళిపోయారు. గుండాట మనిషి మాత్రం వెళ్ళలేదు. ఒడ్డున మగవాళ్ళు కూర్చుని వలలు బాగుచేసుకునే తాటాకు పాక ఒకటి ఉంది. వాడి పట్టా అక్కడ పడింది. వేట లేదు, చేతిలో పని లేదు, గవర్నమెంటు ఇచ్చే భృతి కాస్త చేతిలో ఉంది. ముందు సరదాకి వెళ్ళారు. తరవాత పోయింది రాబట్టుకోవడానికి వెళ్ళారు. వారం తిరిగేసరికి పాక వెనక సారా ప్యాకెట్లు కూడా అమ్మడం మొదలైంది. పొద్దున్నే వలలు కుట్టే చేతులు పొద్దున్నే డబ్బా చప్పుడు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాయి.

ఒక సంగతి అప్పుడు నాకు అర్థం కాలేదు. రోజూ ఆ పాకలోనే కూర్చునే మా తాతయ్య, గుండాట మొదలైన రోజు నుంచీ వల తెచ్చుకుని మా అరుగు మీదే కుట్టుకునేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి, నువ్వైనా ఒక మాట చెప్పమని బతిమాలారు. ఆయన వల మీంచి తల ఎత్తలేదు. "సూద్దాం, సూద్దాం" అన్నాడు. ఎప్పుడూ రెండు ముక్కల్లో తేల్చేసే మనిషి అలా అనడం వాళ్ళకీ కొత్తగానే ఉండి ఉంటుంది.

తాళాలు వచ్చింది అప్పుడే. ముందు ఒకరి ఇంట్లో కోళ్ళు పోయాయి. తరవాత ఆరేసిన నైలాను వల పోయింది. ఒక ముసలమ్మ ఇంట్లో గ్యాసు సిలిండరు పోయింది. ఎవరు తీశారో ఎవరికీ తెలియదు. తీసినవాడు ఊళ్ళోవాడేనని మాత్రం అందరికీ తెలుసు. అదే ఎక్కువ బాధ. అన్నం కూర ఇచ్చిపుచ్చుకునే ఇళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి. కిరాణా కొట్టువాడు మొదటిసారి తాళంకప్పలు తెచ్చి గుత్తిగా వేలాడదీస్తే, ఒక్క రోజులో అయిపోయాయి. మా అమ్మ కూడా ఒకటి కొంది. కొని, దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు గుమ్మంలో నిలబడింది. తాళం ఎవరి కోసం కొన్నదో ఆ మనిషి ఇంట్లోనే ఉన్నాడని ఆమెకి అప్పటికే తెలుసనుకుంటాను. ఆమె కాళ్ళ పట్టీలు అంతకు ముందు వారమే కనబడకుండా పోయాయి.

మా నాన్న చెడ్డవాడు కాదు. ఈ మాట కూతుర్ని కాబట్టి అనడం లేదు. జ్వరం వస్తే నన్ను భుజాన వేసుకుని శ్రీకాకుళం ఆసుపత్రికి పరిగెత్తిన మనిషి. సముద్రంలో ఎంత దూరమైనా వెళ్తాడు, ఒడ్డున ఎవరైనా "రా మావా" అంటే కాదనలేడు. ఆ పాకలో కూర్చున్న మొదటి రోజున గెలిచాడు. నాకు జిలేబీ తెచ్చాడు. ఆ గెలుపే మా కొంప ముంచింది. ఆ తరవాత ఆయన ఇంట్లో ఉన్నా మనసు ఇంట్లో ఉండేది కాదు. అన్నం తింటూ తింటూ వేళ్ళతో కంచం మీద చుక్కలు లెక్కపెట్టేవాడు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. మొగుడు గుజరాత్‌లో బోట్ల మీద పనికి వెళ్ళాడు. ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. చంటిపిల్లని చంకనేసుకుని ఆ అక్క ఎండుచేపలు బుట్టకెత్తి శ్రీకాకుళం తీసుకెళ్ళి అమ్మేది. మొగుడు పంపినదాంట్లో మిగిల్చి కొత్తగా ఒక కరెంటు కాటా కొనుక్కుంది, అంకెలు ఎర్రగా వెలిగేది. దాన్ని పాత చీరముక్కలో చుట్టి, దేవుడి పటం కింద పెట్టుకునేది. మమ్మల్ని కూడా దాని మీద నిలబెట్టి ఎవరెంత బరువో చెప్పేది. ఆ అంకెలు చూడటానికే నేను రోజూ వాళ్ళింటికి వెళ్ళేదాన్ని.

ఒక మిట్టమధ్యాహ్నం, ఎండకి ఊరంతా తలుపులు వేసుకున్న వేళ, నేను మా పెరట్లో నీడన కూర్చుని గవ్వలు ఏరుకుంటున్నాను. పక్కింటి వెనక తడిక పక్కకి జరిగింది. మా నాన్న బయటికి వచ్చాడు. చంకలో తువ్వాలు చుట్టిన మూట. తువ్వాలు ఒక పక్క జారితే స్టీలు పళ్ళెం అంచు ఎండలో తళుక్కుమంది. అది ఏమిటో నాకు వెంటనే తెలిసింది. ఆయన నన్ను చూడలేదు. ఇసుకలో వేగంగా పాక వైపు నడిచి వెళ్ళిపోయాడు.

ఆ రోజు కాటా ఇంట్లో ఉంచి, సరుకుల కోసం సంతకెళ్ళిన అక్క సాయంత్రం వచ్చి చూసుకుంది. ఏడవలేదు. ఇల్లంతా వెతికింది, వాకిలంతా వెతికింది, తరవాత నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నివ్వు పగలంతా ఇక్కడే ఉన్నావు కదే. ఎవులైనా మా ఇంట్లోకి రావడం సూసినావా?"

"సూడలేదక్కా," అన్నాను.

ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, నా తల నిమిరి లేచి వెళ్ళింది. మర్నాడు పాత పద్ధతిలో చేపల్ని కుప్పలు పోసి అమ్ముకోవడానికి వెళ్ళింది. కాటా లేకపోతే కొనేవాళ్ళు కుప్పకి మరో గుప్పెడు వేయమని వేధిస్తారు. పొద్దుగూకి వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయి ఉండేది. ఆ గొంతు వినబడినప్పుడల్లా నేను మా ఇంట్లో ఏదో మూలకి పోయి కూర్చునేదాన్ని. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను దొంగతనం చేయలేదు, కాని నా నోట్లో ఏదో దాచుకున్నట్టే ఉండేది.

మూడో రోజు పొద్దున్న తాతయ్య వల కుడుతుంటే పక్కన దారం కండె పట్టుకుని కూర్చున్నాను. ఆయనే అడిగాడు, ఏటైందే గుంటా అని. నేను చూసినదీ చెప్పాను, చెప్పిన అబద్ధమూ చెప్పాను. నాన్నని కొడతావా అని ఏడ్చాను. ఆయన చేతిలో వల కుట్టే బద్ద అలాగే ఆగిపోయింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన మొహం మాత్రం ఒక్కసారి ముసలిదైపోయినట్టు కనబడింది.

"సూడలేదని సెప్పినావా?" అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను. ఆయన వల పక్కన పెట్టాడు. తరవాత లేచి, మొహం కడుక్కుని, సంబరానికి కట్టుకునే తెల్ల పంచె కట్టుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు.

"పద. నాను సేసిన పాపం నివ్వు సెయ్యక్కర్లేదు," అన్నాడు. ఆ మాటకి అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

మేం పాక దగ్గరికి వెళ్ళేసరికి ఇరవై మంది దాకా పట్టా చుట్టూ కూర్చుని ఉన్నారు. మా నాన్న కూడా ఉన్నాడు. తాతయ్యని చూడగానే కొందరు బీడీలు ఆర్పేశారు, కొందరు లేచి నిలబడ్డారు. గుండాట మనిషి గబగబా పట్టా మడవబోయాడు. తాతయ్య వద్దని చెయ్యి ఊపి, చెప్పులు బయట విడిచి, పట్టా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఆడించు బావూ," అన్నాడు.

ఆ మనిషి నవ్వి, పాచిక డబ్బాలో వేసి గిలకరించాడు. తాతయ్య పట్టా మీద ఏమీ పెట్టలేదు. కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ ఆడించమన్నాడు. మళ్ళీ విన్నాడు. జనం గడుల్లో డబ్బు పెట్టారు. నాలుగోసారి డబ్బా గిలకరిస్తుండగా, కళ్ళు తెరవకుండానే, "ఒంటిచుక్క," అన్నాడు. డబ్బా ఎత్తితే ఒంటిచుక్క. ఆ గడిలో ఒక్క రూపాయి కూడా లేదు. అయిదోసారీ "ఒంటిచుక్కే" అన్నాడు. అదే పడింది. ఆరోసారి చప్పుడు విని, "ఇది మంచి పాచిక, ఏది పడతాదో సెప్పలేను," అన్నాడు. ఏడోసారి మళ్ళీ ఒంటిచుక్క అన్నాడు. అదే.

గుండాట మనిషి మొహంలో నవ్వు పోయింది. తాతయ్య నా వైపు తిరిగి, చేపలు కడిగే తొట్టి అక్కడుంది, దాంట్లో సముద్రపు నీళ్ళు పట్టుకు రమ్మన్నాడు. నేను పరిగెత్తాను. తొట్టి సగం నింపి రెండు చేతులా మోసుకొచ్చేసరికి గౌనంతా తడిసిపోయింది. నీళ్ళ తొట్టి పట్టా మధ్యలో పెట్టించి, ఆడించేవాణ్ణి చేతిలో ఉన్న పాచిక ఇమ్మన్నాడు. ఇచ్చాడు. "నడుం దగ్గర మడతలో ఉన్నాది సూడు, అదీ తియ్యి," అన్నాడు. ఆ మనిషి కదల్లేదు. పక్కనున్నవాళ్ళు లేచారు. అప్పుడు తీసి ఇచ్చాడు.

రెండు పాచికలూ చూడటానికి కవలపిల్లల్లా ఉన్నాయి. నడుం మడతలోంచి తీసినదాన్ని ముందు నీళ్ళలో వేశాడు. తేలింది. వేలితో ఎటు తిప్పితే అటే నిలబడింది. అప్పటిదాకా చేతిలో ఉన్నదాన్ని వేశాడు. అదీ తేలింది, కాని ఎటు తిప్పినా నెమ్మదిగా పొర్లి, ఒంటిచుక్క పైకి పెట్టుకుని ఆగింది. ఆరు చుక్కల వైపు లోపల సీసం పోసి, పైన లక్క అద్దారని చెప్పాడు తాతయ్య. గడుల్లో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు మంచి పాచిక, ఎక్కువగా పడ్డప్పుడు ఈ పాచిక. డబ్బాలో చప్పుడు మొద్దుగా వస్తుంది, వినడం తెలిసినవాడికి తెలుస్తుంది. పిల్లలు, పెద్దలు, వెనకనుంచి వచ్చిన ఆడవాళ్ళు అందరూ వంగి వంగి ఆ తొట్టిలోకి చూశారు. ఒకరి తరవాత ఒకరు వేలు పెట్టి తిప్పి చూశారు. ప్రతిసారీ అది అలాగే పొర్లింది.

ఎవరో పెద్దగా తిడుతూ గుండాట మనిషి జుట్టు పట్టుకున్నారు. పది చేతులు లేచాయి. తాతయ్య అరవలేదు. లేచి వాడికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈడ్ని కొడితే ముందు నన్ను కొట్టాల్రా," అన్నాడు. "ఈ సప్పుడు నాకెలాగ తెలిసిందని ఒక్కడూ అడగడేటి?"

చేతులు ఆగిపోయాయి.

"నాను ఆడించినాను ఈ ఆట. పెళ్ళికి ముందు మూడేళ్ళు, సంతలంట తిరిగి, ఇలాటి పాచికతోనే ఆడించినాను. మీ నానమ్మకి కూడా సెప్పలేదు," అని చివరి ముక్క నా వైపు చూసి అన్నాడు.

అప్పుడు చెప్పాడు ఒక రైతు కథ. కోటబొమ్మాళి వైపు ఒక సంత. ధాన్యం అమ్ముకుని, ఎద్దుల జత కొనుక్కోవడానికి ఒక రైతు వచ్చాడట. ఎద్దుల కోసం కొత్త పగ్గాలు ముందే కొని భుజాన వేసుకున్నాడు. ఎద్దుల బేరం కుదిరే లోపల కాసేపు ఆడదామని కూర్చున్నాడు. పొద్దువాలే లోపల ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. పగ్గాలు మాత్రం భుజానే ఉన్నాయి. వాటిని సర్దుకుని లేచి, ఎవరినీ ఏమీ అనకుండా జనంలో కలిసిపోయాడు.

"మళ్ళీ వారం అదే సంతకి ఎల్లినాను. ఒక ఆడమనిషి పిల్లని ఎంటబెట్టుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతున్నాది. మా ఆయన ఎద్దులకని వచ్చి ఇంటికి రాలేదు, ఎవులైనా సూసినారా అని అడుగుతున్నాది. నా దగ్గరకీ వచ్చి అడిగింది." తాతయ్య తొట్టిలో తేలుతున్న పాచిక వైపు చూశాడు. "సూడలేదమ్మా అన్నాను."

ఆయన మళ్ళీ నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, పొద్దున్న ఆయన అలా ఎందుకు అయిపోయాడో.

ఆ రోజే పాచికలు వంశధారలో పారేసి వచ్చి తెప్ప ఎక్కాడట. ఆ రైతు ఇల్లు ఎక్కడో కనుక్కుందామని తరవాత చాలా తిరిగాడు, దొరకలేదు. ఆ మనిషి ఇంటికి చేరాడో లేదో ఆయనకి చివరిదాకా తెలియలేదు.

"ఈడి డబ్బా సప్పుడు మొదటి రోజే ఇన్నాను. సీసం ఉన్నాదని ఆ రోజే తెలిసింది. నోరిప్పితే నా గుట్టు బయటపడతాదని అరుగు మీద కూకున్నాను. ఊళ్ళో ఏటి పోయినా అందులో నా వాటా ఉన్నాది. ఈ పాచిక ఇరగ్గొట్టీసినంత మాత్రాన అయిపోదు, ఇనండి. సీసం లేని పాచికైనా అంతే. గడులు ఆరు. గెలిస్తే ఇచ్చేది నాలుగింతలు. మోసం లేకపోయినా పోయేది మీదే. నాను ఆడించినోణ్ణి, నాకు తెలుసు. ఆడినోళ్ళలో బాగుపడినోడు నాకు ఒక్కడూ కనబళ్ళేదు. ఆడించి నానూ బాగుపళ్ళేదు."

ఇంత పొడుగు మాట ఆయన నోటి వెంట నేను అంతకు ముందూ వినలేదు, ఆ తరవాతా వినలేదు.

ఊళ్ళో మరో ముసలాయన ఉండేవాడు, తాతయ్యతో పాటు ముప్పై ఏళ్ళు తెప్ప నడిపినవాడు. ఆయన ముందుకొచ్చి, "ఆ సేతుల్తోనేనేటి ఇన్నేళ్ళూ గంగమ్మకి కాయ కొట్టినావు?" అని అడిగాడు. కోపంగా అడగలేదు, దెబ్బ తిన్నట్టు అడిగాడు. తాతయ్య తల వంచుకుని, "ఆ సేతుల్తోనే," అన్నాడు. "ఇక మీదట నివ్వు కొట్టు."

అప్పుడు మా నాన్న లేచాడు. ఏమీ మాట్లాడకుండా పాక మూలకి వెళ్ళి, గుండాట మనిషి గోనెసంచి విప్పి, దాంట్లోంచి తువ్వాలు మూట బయటికి తీశాడు. జనంలో పక్కింటి అక్క ఉంది. ఆమె ముందుకి నడిచి వెళ్ళి కాటా ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. "నానే అట్టుకొచ్చీసినాను సెల్లీ," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో ఆయన మెడ నరాలు చూస్తే తెలిసింది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను తాతయ్య చెయ్యి వదిలించుకుని వెళ్ళి నాన్న పక్కన నిలబడ్డాను. నేను చూశాను, చూడలేదని అబద్ధం చెప్పాను అని అక్కతో అన్నాను. పదిమందిలో ఆ మాట చెప్పడం చాలా కష్టమవుతుందనుకున్నాను. తాతయ్య అంత పెద్దది చెప్పాక నాది చిన్నదైపోయింది. అక్క కాటా ఎత్తుకుని, బటను నొక్కి అంకెలు వెలుగుతున్నాయో లేదో చూసుకుంది. తరవాత నాతో, "నాకు ఆ రోజే తెలుసులే. నీ మొహమే సెప్పీసింది," అంది. మా నాన్నతో మాత్రం ఆ రోజు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె మళ్ళీ మాట్లాడటానికి దీపావళి వచ్చింది. అది న్యాయమే అనేది మా అమ్మ.

ఇంకో ఇద్దరు ముగ్గురు లేచి తాము తీసినవి ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ముసలమ్మ సిలిండరు ఏమైందో చివరిదాకా తేలలేదు. స్టేషనుకి ఫోను చేస్తే ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి పట్టా, డబ్బా, పాచికలు, ఆ మనిషిని ఆటో ఎక్కించుకున్నారు. పక్క ఊళ్ళో మళ్ళీ పట్టా వేయకుండా చూడమని తాతయ్య వాళ్ళకి చెప్పాడు. తాను చేసిందీ రాసుకోమన్నాడు. ఆ కానిస్టేబుల్ కుర్రవాడు నవ్వి, "ఆ పాతది ఇప్పుడు ఎక్కడ రాస్తాం తాతా," అన్నాడు. తాతయ్య నవ్వలేదు.

ఆ ఒక్క పొద్దుతో మా ఊరు బంగారమైపోయిందని చెబితే అది మరో అబద్ధం అవుతుంది. మా నాన్న ఆ తరవాత కూడా రెండుసార్లు వేరే ఊళ్ళో పేకాటకి వెళ్ళాడు. రెండుసార్లూ తానే వచ్చి తాతయ్యకి చెప్పాడు. తాతయ్య తిట్టలేదు. తన పక్కన కూర్చోబెట్టుకుని ఒక పొడుగు వల చేతికిచ్చాడు. చేతులకి పని ఉంటే ఆ చప్పుడు చెవుల్లో తగ్గుతుందని ఆయన నమ్మకం. తగ్గడానికి ఏడాది పైన పట్టింది. ఆడవాళ్ళు ఆ పాకని ఎవరినీ అడక్కుండా తీసేసుకున్నారు. చేపలు ఎండబెట్టే బల్లలు అక్కడికి చేర్చారు. మగవాళ్ళు వలలు కుట్టుకోవాలంటే వాళ్ళ మధ్యే కూర్చోవలసి వచ్చేది.

వేట మళ్ళీ మొదలయ్యే పొద్దున ఊరంతా ఒడ్డుకి వెళ్ళింది. ఆ ముసలాయన కొబ్బరికాయ కొట్టాడు. పళ్ళెం ఆయన మనవరాలు పట్టుకుంది. మా తాతయ్య అందరికంటే వెనక, ఒడ్డుకి లాగిన తెప్పల దగ్గర నిలబడ్డాడు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. పళ్ళెం నా చేతిలో లేదని బాధ కలగలేదంటే ఎవరూ నమ్మరు, కలిగింది. కాని ముందు నడిచిన ఏళ్ళలో నాకున్నది మా తాతయ్య పెద్దరికం చూసిన గర్వం. ఆ రోజు నాకు కలిగింది మా తాతయ్యని చూసిన గర్వం. ఆ రెండూ ఒకటి కావని పదేళ్ళ పిల్లకి కూడా తెలిసింది. ఒడ్డు నుంచి తిరిగి వస్తూ జనం ఆయన పక్కగా నడిచి వెళ్ళారు. కొందరు తల తిప్పుకున్నారు. ఎక్కువమంది ఎప్పటిలాగే పలకరించారు. ఏడాది తిరక్కుండానే తగువులు మళ్ళీ మా అరుగు దగ్గరికే రావడం మొదలుపెట్టాయి. కాయ కొట్టమని కూడా అడిగారు. అది మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

తాతయ్య పోయి ఇప్పటికి ఆరేళ్ళు. ఇప్పుడు పట్టా పరిచేవాడు ఊరికి రావక్కర్లేదు, ఫోన్లోనే ఉంటాడు. వాడి డబ్బా చప్పుడు ఎవరికీ వినబడదు. పోయిన సంవత్సరం మా బళ్ళో పదో తరగతి అబ్బాయి ఒకడు క్రికెట్ పందేల కోసం తోటి పిల్లవాడి సెల్‌ఫోను తీసి అమ్మేశాడు. తీయడం చూసినవాళ్ళు క్లాసులో ముగ్గురున్నారు. ముగ్గురూ చూడలేదన్నారు. హెడ్‌మాస్టరు గారు కోప్పడ్డారు, లాభం లేకపోయింది. నా పీరియడులో నేను పుస్తకం మూసి, మా నాన్న కాటా దొంగతనం చేసిన సంగతి, మా తాతయ్య సంతల్లో గుండాట ఆడించిన సంగతి, నేను చెప్పిన అబద్ధం సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాను.

వెనక బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తి, "ఇవన్నీ మాకు సెప్పడానికి మీకు సిగ్గెయ్యలేదేటి మేడమ్?" అని అడిగింది.

ఆ సాయంత్రం బెల్లు కొట్టాక నలుగురు పిల్లలు స్టాఫ్ రూము గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చూసినవాళ్ళు ముగ్గురూ, తీసినవాడూ. ఆ అమ్మాయికి నేనిచ్చిన జవాబు మాత్రం ఇదే. ఊళ్ళో ఎవరు అడిగినా, మా ఆయన తరఫువాళ్ళు అడిగినా ఇదే చెబుతాను. మా తాతయ్య పెద్ద అలల్లో తెప్ప నడిపాడు, అందులో ఆయనకి సాటి లేరంటారు. నేను అది చూడలేదు. ఒక పొద్దున ఊరందరి ముందూ బాసింపట్టు వేసుకుని కూర్చుని, తాను చేసింది తన నోటితో చెప్పాడు. అది మాత్రం నేను చూశాను.